నయా ఖిలా మైదానం ఎవరిది?

కోట వైపు: తమ్మీ, గోల్ఫ్ మీద నాకు పగ లేదు. నా అభ్యంతరమంతా ఒక్క చోటు గురించే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అప్పటికి అతను బాదుషా కాలేదు, దక్కన్ సుబేదారు. కోటగోడ బయట, గోడకు దగ్గర్లోనే ఒక గుట్ట ఉండేది. శత్రువు దాని మీదికి తోపులు ఎక్కిస్తే గుండ్లు నేరుగా కోటలో పడతాయి. ముట్టడి తొలగాక అబ్దుల్లా కుతుబ్ షా ఆ లోపాన్ని సరిదిద్దడానికి, గుట్టను లోపలికి కలుపుకుంటూ కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిలా. అందులో మసీదులున్నాయి, చెరువుంది, మజ్నూ బురుజు ఉంది. దాదాపు 27 మీటర్ల చుట్టుకొలతతో, ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టు ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని హాథియోఁ కా ఝాడ్ అంటారు. ఒక రాజ్యం తన భయాన్ని రాళ్లతో రాసిపెట్టిన చోటది. అక్కడ 18 హోల్స్ గోల్ఫ్ మైదానం ఎందుకుండాలి?

ఆట వైపు: అన్నా, మీరు చెప్పిన చరిత్రలో ఒక్క మాట కూడా నేను కాదనను. కానీ కోట చుట్టూ ఏమైందో కూడా చూడాలి కదా. టోలీచౌకీ, షేక్‌పేట, మణికొండ, నార్సింగి వైపు ఖాళీ జాగా అన్నదేదీ మిగల్లేదు. గోల్కొండ బయటి ప్రాకారానికి ఎన్నో చోట్ల ఇళ్లు ఆనుకుని ఉన్నాయి. కందకం చాలా మేర పూడిపోయింది. ఈ నగరం చెరువులనే మింగేసింది. ఆ ఆక్రమణలు తీయించడానికి 2024లో హైడ్రా అని ఒక సంస్థనే పెట్టాల్సి వచ్చింది. నయా ఖిలాలో మాత్రం ఇవాళ్టికీ ఒక బురుజు దగ్గర నిలబడితే మైదానం అవతల ఇంకో బురుజు కనిపిస్తుంది. గోడ ఎందుకు అలా వంపు తిరిగిందో కంటికి అర్థమవుతుంది. ఆ చూపును కాపాడింది బోర్డులూ నోటీసులూ కాదు, రోజూ ఆ నేల మీద నడిచే మనుషులు. పొద్దున ఆరింటికి వచ్చి ప్రతి అడుగూ చూసుకునేవాళ్లు ఉంటే రాత్రికి రాత్రి పునాది తవ్వడం ఎవరికీ సాధ్యం కాదు.

కోట వైపు: కాపాడారు సరే. ఎవరి కోసం కాపాడారు? నయా ఖిలా లోపలి భూములు మావని చెప్పిన రైతులున్నారు. మైదానం వేసేటప్పుడు వాళ్లూ, నగరంలోని వారసత్వ సంఘాలూ అడ్డుపడ్డారు. ఆ గొడవ అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఆ చెట్టునూ ఆ మసీదులనూ చూడాలంటే ఆట జరిగే నేల మీదుగా పోవాలి. అందుకని రాకపోకలకు ఆంక్షలున్నాయి. గోల్కొండ బస్తీలో పుట్టిన పిల్లగాడు చార్మినార్ చూస్తాడు, కోట శిఖరాన ఉన్న బాలా హిస్సార్ ఎక్కుతాడు. కానీ తన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న చెట్టు దగ్గరికి అనుమతి అడగకుండా పోలేడు. ఆక్రమణ అంటే ఇల్లు కట్టడమేనా? ఒక ఊరి జ్ఞాపకాన్ని ఆ ఊరివాళ్లకే దూరం చేయడం కూడా ఆక్రమణే.

ఆట వైపు: దానికి జవాబు చెప్పాలంటే ఈ ఆట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. స్కాట్లాండ్ తూర్పు తీరంలో సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఇసుక దిబ్బల నేల ఒకటుంటుంది. దాన్ని లింక్స్ అంటారు. నాగలికి పనికిరాదు, గొర్రెలు మేయడానికి పనికొస్తుంది. గాలికి తాళలేక గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్లే ఇసుక గుంతలయ్యాయని అక్కడ చెప్పుకుంటారు. ఆ గుంతలే ఇవాళ్టి బంకర్లకు మూలం. చెట్లుండవు, నీడ ఉండదు. సముద్రం మీది గాలి పూటపూటకూ దిక్కు మారుస్తుంది. నిన్న బంతిని మోసుకెళ్లిన గాలే ఇవాళ ఎదురొస్తుంది. అందుకే అక్కడి ఆటగాడు బంతిని ఆకాశంలోకి లేపడు, నేల మీద దొర్లిస్తాడు. బాగా కొట్టిన బంతి కూడా ఒక చిన్న మిట్టకు తగిలి పక్కకు పోవచ్చు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి లేదు. నేల ఎలా ఉంటే అలా ఆడాలన్నది ఈ ఆట మొదటి ధర్మం. నయా ఖిలాకు సముద్రం లేదు. కానీ గుట్టలున్నాయి, రాళ్లున్నాయి, గోడ మీంచి దిగే గాలి ఉంది. నేను అక్కడ ఆడేటప్పుడు ఈ నేలను గెలవాలనుకోను. చదువుకోవాలనుకుంటా.

కోట వైపు: మంచి మాట చెప్పావు. అయితే ఆ లింక్స్ కథ సగంలో ఆపకు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం ఉన్న నేల ఎవరిది? 1552లో అక్కడి ఆర్చిబిషప్ హామిల్టన్ ఇచ్చిన పత్రం ప్రకారం ఆ నేల మీద ఊరివాళ్లకు హక్కులున్నాయి. బంతి ఆడుకోవచ్చు, పశువులు మేపుకోవచ్చు. మన తెలంగాణ పల్లెల్లో బంచరాయి భూమి ఎలాంటిదో అదీ అలాంటిదే. ఇవాళ్టికీ ఆదివారం వస్తే ఓల్డ్ కోర్సులో ఆట బంద్. పెద్ద పోటీల వేళ తప్ప, ఆ రోజు ఊరివాళ్లు పిల్లలతో, కుక్కలతో వచ్చి నడుస్తారు. మొదటి హోల్‌నూ పద్దెనిమిదో హోల్‌నూ అడ్డంగా కోస్తూ జనం నడిచే బాట ఉంది. 2003లో స్కాట్లాండ్ చేసిన భూసంస్కరణ చట్టం ప్రకారం గోల్ఫ్ మైదానాన్ని దాటి వెళ్లే హక్కు ఎవరికైనా ఉంది. హోల్ చుట్టూ ఉండే గ్రీన్ మీద కాలు పెట్టకూడదు, ఆటకు అడ్డం రాకూడదు, అంతే. నువ్వు ప్రేమించే ఆట పుట్టింది గేటు లేని నేల మీద. దాన్ని గోల్కొండకు తెచ్చినవాళ్లు బంతిని తెచ్చారు, కర్రను తెచ్చారు. ఆ హక్కును మాత్రం అక్కడే వదిలేశారు.

ఆట వైపు: ఒప్పుకుంటా. అది నన్ను కూడా గుచ్చే మాటే. కానీ అదే సెయింట్ ఆండ్రూస్ కథలో ఇంకో అధ్యాయం ఉంది. 1797లో ఆ ఊరి కౌన్సిల్ అప్పుల్లో మునిగి లింక్స్‌ను అమ్మేసింది. కొన్నవాళ్లు అక్కడ కుందేళ్లు పెంచారు. అవి నేలంతా బొరియలు చేసేశాయి. గోల్ఫర్లు ఏళ్ల తరబడి వాళ్లతో కోర్టుల్లో కొట్లాడారు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే భూస్వామి ఆ నేల కొన్నాడు. అతను గోల్ఫ్ ఆడేవాడు కాబట్టి ఆట నేలను ఆటకే ఉంచాడు. అందరిదీ అని పత్రం రాసి ఉన్న నేలను అందరి తరఫున ఉన్న కౌన్సిలే అమ్మేసింది. దాన్ని నిలబెట్టింది ఆట మీద మోజున్న కొందరు. మన దగ్గర కూడా సర్కారు భూమి అంటే ఎంత భద్రమో ఈ నగరంలో ఎవరిని అడిగినా చెప్తారు. హక్కు ఒక్కటే నేలను కాపాడదు. దాన్ని రోజూ వాడుకునే పట్టుదల కూడా కావాలి.

కోట వైపు: చీప్ చేసింది మంచి పనే. అయినా ఆ ఊరు అక్కడితో ఆగలేదు. భూస్వామి మంచివాడు కదా అని ఊరుకోలేదు. 1894లో పార్లమెంటులో చట్టం చేయించుకుని మరీ లింక్స్‌ను తిరిగి ఊరి పరం చేసుకుంది. 1974లో ఇంకో చట్టంతో ట్రస్టు పెట్టి నిర్వహణ దానికి అప్పగించింది. అక్కడ ఎన్నో క్లబ్బులున్నాయి. ప్రపంచంలో చాలా దేశాలకు గోల్ఫ్ నియమాలు చెప్పిన ఆర్ అండ్ ఏ క్లబ్బు కూడా అక్కడిదే. కానీ ఆ నేల వాటిలో ఏ ఒక్కదానిదీ కాదు. అంత పేరున్న క్లబ్బు సభ్యుడు కూడా ఊరివాళ్లతో కలిసి ఒకే నేల మీద ఆడాలి. మీ పెద్దలు ఆ నేలను కాపాడారని నువ్వంటే, సరే, వాళ్లను నేను చీప్ గారితో సమానంగా చూస్తా. మరి మన 1894 ఎప్పుడొస్తుంది?

ఆట వైపు: సెయింట్ ఆండ్రూస్ చిన్న ఊరన్నా. హైదరాబాద్‌లో కోటి మంది ఉన్నారు. టికెట్టు పెట్టి, కాపలా పెట్టి నడిపే బాలా హిస్సార్‌లోనే గోడల మీద పేర్లు చెక్కుతున్నారు, మెట్ల పక్కన ప్లాస్టిక్ సీసాలు పడేస్తున్నారు. ఆ బావోబాబ్ మొదలు లోపల మనుషులు దూరేంత తొర్ర ఉంది. నాలుగు వందల ఏళ్లకు పైబడిందని చెప్పుకునే ఆ చెట్టు బెరడు మీద చాకుతో గీసిన పేర్లు ఇప్పటికే ఉన్నాయి. ఆదివారం వేల మంది ఆ చెట్టెక్కితే దాని గతేంటి? రాకపోకలు తక్కువ కాబట్టే ఆ చెరువు మీద పక్షులు దిగుతున్నాయి, గడ్డిలో నెమళ్లు తిరుగుతున్నాయి. జనాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఏ నేలకైనా మోసే బరువు ఇంత అని ఉంటుంది.

కోట వైపు: జనం అంటే పాడుచేసేవాళ్లే అన్న లెక్కను నేను ఒప్పుకోను. ఆషాఢంలో హైదరాబాద్ బోనాలన్నిటికీ మొదటి బోనం లేచేది గోల్కొండ మీదే. ఆ నెలంతా గురువారం, ఆదివారం వేలాది ఆడవాళ్లు నెత్తిన బోనం పెట్టుకుని జగదాంబ గుడికి కోట మెట్లెక్కుతారు. కోట వాళ్లను మోస్తూనే ఉంది. పాతబస్తీకి రా, హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ చూడు. పైగా వంశపు నవాబు కట్టించిన పల్లాడియన్ మేడ. దాని ముందు మైదానంలో పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పోరగాళ్లు క్రికెట్ ఆడతారు. ఒకే మైదానంలో పది ఆటలు నడుస్తాయి. ఒకరి ఫీల్డర్ ఇంకొకరి బౌలర్ పక్కన నిలబడతాడు, అయినా ఎవరి ఆట వాళ్లకు తెలుసు. అక్కడ వారసత్వమూ ఉంది, ఆటా ఉంది. గేటు దగ్గర నువ్వెవరని అడిగేవాళ్లు లేరు.

ఆట వైపు: ఆ దేవిడీ సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. ఆ మేడ ఎలా ఉండేది, ఎలా అయింది? స్తంభాల మీది సున్నం రాలిపోయింది, కప్పులు కూలాయి, లోపలి సామాను మాయమైంది. మైదానం అందరిదీ అయింది కానీ మేడను చూసుకునే బాధ్యత ఎవరిదీ కాలేదు. దశాబ్దాలు గడిచాక గానీ మరమ్మతులు చేపట్టలేదు. ఆ పోరగాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు. పాతబస్తీలో బ్యాట్ పట్టుకోవడానికి ఇంకో జాగా ఎక్కడుంది? కానీ తెరిచి ఉంచితే చాలు, బతుకుతుంది అనుకోవడం ఎంత పొరపాటో ఆ మేడే సాక్ష్యం. నయా ఖిలా కూడా అలా అవ్వాలని మీరు కోరుకోరు కదా?

కోట వైపు: కోరుకోను. ఈ మాట దగ్గర నేను తలవంచుతా. దేవిడీని కాపాడుకోలేకపోవడం మా వైపు వాళ్లందరి వైఫల్యం. తెరిచిన గేటు పక్కన చూసుకునే చెయ్యి కూడా ఉండాలి, నిజమే. కానీ నయా ఖిలాలో మీ చెయ్యి చూసుకుంటున్నది దేన్ని? గడ్డిని. ఆ గడ్డి కింద ఏముందో ఆలోచించు. 2014లో పురావస్తు సర్వేక్షణ శాఖ నయా ఖిలా తోటలో తవ్వితే కుతుబ్ షాహీల నాటి ఉద్యానవనం బయటపడింది. నీటి కాలువలు, నీరు తేరుకునే తొట్లు, నడకదారులు, ఫౌంటెన్లు, వాలును బట్టి నీరు దానంతట అదే పారేలా వేసిన గొట్టాలు దొరికాయి. అంత లెక్కగా వేసిన తోట ఒక్క మూలకే ఆగిపోయి ఉంటుందా? మీరు నడిచే ప్రతి ఫెయిర్‌వే కింద ఏదో ఒకటి ఉండే అవకాశం ఉంది.

ఆట వైపు: ఉంటే దానికి గడ్డిని మించిన దుప్పటి లేదు. తవ్విన చోటును మళ్లీ మట్టితో కప్పేయడం పురావస్తువాళ్లు కూడా పాటించే పద్ధతే. ఎండా వానా తగలకుండా మట్టి కిందే అవశేషాలు భద్రంగా ఉంటాయని వాళ్లకు తెలుసు. ఫెయిర్‌వే అంటే ఏముంది? జానెడు లోతుకు వేళ్లు పోయే పచ్చిక. దాని బదులు అక్కడ నాలుగంతస్తుల ఇల్లు లేచి ఉంటే పునాది గుంత ఆ గొట్టాలను, తొట్లను పిండి చేసి ఉండేది. రేపు ఎవరైనా పండితుడు వచ్చి ఇక్కడ తవ్వాలంటే, మైదానం కాబట్టే ఆ పని కుదురుతుంది. కాంక్రీటు కింద తవ్వలేం.

కోట వైపు: ఫెయిర్‌వే వరకు నీ మాట వింటా. కానీ గోల్ఫ్ మైదానం అంటే ఫెయిర్‌వే ఒక్కటే కాదు కదా. బంకరు కోసం గుంత తీయాలి. గ్రీన్ కోసం నేల ఎత్తు చేసి, కింద కంకర పరిచి, నీరు పోయే దారి పెట్టాలి. స్ప్రింక్లర్ల కోసం గొట్టాలు వేయాలి. ప్రతి ఒక్కటీ జానెడు కన్నా లోతుకే పోతుంది. రక్షిత కట్టడాల గురించి 1958లో చట్టం వచ్చింది. 2010లో దాన్ని గట్టిపరిచారు. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం. ఆపై ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. ఆ చట్టం వల్ల కోట పక్కన సామాన్యుడు పై అంతస్తు వేసుకోలేక ఏళ్లుగా తిరుగుతున్నాడు. అతనికి ఒక న్యాయం, యంత్రాలతో నేల ఆకారం మార్చేవాళ్లకు ఇంకో న్యాయం ఉండకూడదు.

ఆట వైపు: ఉండకూడదు. ఇందులో మీ వైపే నిలబడతా. పురావస్తు శాఖ మనిషి పక్కన లేకుండా నయా ఖిలాలో పలుగు దిగకూడదు, అది మా పలుగైనా సరే. అసలు లింక్స్ నేర్పేదే అది. పాత మైదానాలను ఎవరూ గీసి కట్టలేదు. గాలి, ఇసుక, గొర్రెలు ఇచ్చిన ఆకారాన్ని మనుషులు ఆడుకుంటూ పోయారు. సెయింట్ ఆండ్రూస్‌లో మొదట 22 హోల్స్ ఆడేవాళ్లు, 1764లో కొన్నిటిని కలిపి 18 చేశారు. నేలను తవ్వి కాదు, ఆటను సర్దుకుని. నయా ఖిలాలో కూడా నేల ఇచ్చినన్ని హోల్సే ఆడదాం. తొమ్మిదే వస్తే తొమ్మిదే. ఒక బురుజు పక్కన గ్రీన్ ఉండకూడదంటే అక్కడ గ్రీన్ వద్దు.

కోట వైపు: మరి నీళ్లు? లింక్స్ మీద వాన నీటితోనే గడ్డి బతుకుతుంది. ఇసుక నేల, చల్లటి వాతావరణం, ఏడాదంతా జల్లులు. ఇక్కడ ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కింద గ్రానైటు రాయి, నీరు ఇంకే చోటు తక్కువ. ఎండాకాలంలో పాతబస్తీ గల్లీల్లో ట్యాంకరు కోసం బిందెలు వరుస కడతాయి. అదే వేళ కోట లోపల పచ్చిక నిగనిగలాడితే చూసేవాళ్లకు ఏమనిపిస్తుంది? పైగా బావోబాబ్ ఎండనేలల చెట్టు. వేళ్ల దగ్గర ఊరికే తడి ఉంటే దానికి పడదు. గోడల పునాదులకూ పడదు.

ఆట వైపు: పచ్చగా లేకపోతే గోల్ఫ్ కాదన్నది టీవీ నేర్పిన భ్రమ. 2006లో ఇంగ్లండ్‌లోని హోయ్‌లేక్ లింక్స్ మీద ఓపెన్ చాంపియన్‌షిప్ జరిగింది. ఎండకు నేలంతా గోధుమరంగుకు తిరిగి, రాయిలా గట్టిపడింది. టైగర్ వుడ్స్ ఆ నేలను చదివి, నాలుగు రోజుల్లో డ్రైవర్ అనే పొడవాటి కర్రను ఒక్కసారే వాడి గెలిచాడు. 2018లో ఓపెన్ జరిగిన కార్నూస్టీ కూడా అలాగే ఎండిపోయింది, అదొక గొప్ప పోటీ అయింది. మన దగ్గర కూడా పాతకాలంలో ఎండ ప్రాంతాల మైదానాల్లో గ్రీన్‌లే ఉండేవి కావు. నూనె కలిపిన ఇసుకను చదునుగా పరిచేవాళ్లు. వాటిని బ్రౌన్స్ అనేవాళ్లు. కోలార్ బంగారు గనుల క్లబ్బులో ఆడినవాళ్లకు ఇది కొత్త కాదు. మార్చి నుంచి జూన్ దాకా నయా ఖిలా దక్కన్ రంగులోనే ఉండనివ్వండి. ఎండిన గడ్డి మీద బంతి ఇంకా దూరం దొర్లుతుంది. ఆట కష్టమవుతుంది, అందమూ పెరుగుతుంది.

కోట వైపు: నువ్వు చెప్పే ఆట నాకు నచ్చుతోంది. దాన్ని నీ తోటివాళ్లంతా ఒప్పుకుంటారా అన్నదే నా అనుమానం. ఇంకో మాట కూడా అడగాలి. ఫస్ట్ లాన్సర్‌లో ఆటో నడిపే తండ్రికి పుట్టిన మహ్మద్ సిరాజ్ ఈద్గా మైదానంలో టెన్నిస్ బంతి విసురుతూ పెరిగి ఇండియాకు ఆడాడు. అతనికి కావాల్సింది ఒక బంతి, ఒక తెరిచిన నేల. గోల్కొండ గల్లీలో పుట్టిన ఏ పిల్లగాడికైనా గోల్ఫ్‌లో అలాంటి దారి ఉందా? కర్ర ధర, బంతుల ధర, సభ్యత్వం, పరిచయం, ఇవన్నీ దాటాక గానీ మొదటి బంతి కొట్టలేడు. వందల ఎకరాల చారిత్రక నేల అంత తక్కువ మంది చేతిలో ఉండటం నాకు న్యాయంగా తోచదు.

ఆట వైపు: దారి ఇరుకే, కానీ లేకపోలేదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో బ్యాగులు మోసిన కేడీ అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్లీ గెలిచాడు. ఆ క్లబ్బు లోపలా లాల్ బంగ్లా లాంటి మొగల్ సమాధులున్నాయి. అక్కడా ఆటా చరిత్రా పక్కపక్కనే బతుకుతున్నాయి. నయా ఖిలాలోనూ కేడీలు, గడ్డి కోసేవాళ్లు, తోటమాలులు చుట్టుపక్కల బస్తీల నుంచే వస్తారు. మైదానం మూసేస్తే మొదట ఖాళీ అయ్యేది వాళ్ల పొయ్యి. ఏ హోల్ దగ్గర గాలి ఎటు తిరుగుతుందో, వాన పడితే ఏ గుట్ట నుంచి నీరు ఎటు పారుతుందో వాళ్లకు తెలిసినంత బాగా ఏ అధికారికీ తెలియదు. ఆ నేల చరిత్రకు వాళ్లు కూడా వారసులే.

కోట వైపు: వాళ్ల కూటి మీద దెబ్బ కొట్టే మాట నా నోట రాదు. ఏ మార్పు వచ్చినా వాళ్ల పని పోకూడదు. కోటను చూపించే పని, చెట్టును కాచే పని కూడా వాళ్లకే మొదట రావాలి. కానీ అలీ షేర్ పేరు చెప్పి నువ్వు నా వాదాన్నే బలపరిచావు. బ్యాగు మోసే చేతుల్లో అంత ఆట దాగి ఉందంటే, ఆ చేతులకు కర్ర అందక ఎంత మంది అలీ షేర్లు అలాగే ఉండిపోయారు? చాలా క్లబ్బుల్లో కేడీలు వారానికి ఒకరోజు, సోమవారం నాడు ఆడుకుంటారు. ఆ ఒక్క రోజు కూడా ఇంకొకరు ఇచ్చిన వరం. సెయింట్ ఆండ్రూస్‌లో ఊరి మనిషి తక్కువ రుసుముతో ఏడాదంతా ఆడుకునే టికెట్ తీసుకుంటాడు. అది ఎవరి దయా కాదు.

ఆట వైపు: అయితే నేను ఇవ్వగలిగింది చెప్తా వినండి. వారానికి ఒకరోజు ఆట పూర్తిగా ఆపేసి, నయా ఖిలా అంతా జనానికి తెరవాలి. మిగతా రోజుల్లో కూడా బంతి తగలని వైపు నుంచి చెట్టుకూ మసీదులకూ ఒక బాట ఉండాలి. గోల్ఫ్ బంతి గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొస్తుంది కాబట్టి బాట మాత్రం ఆలోచించి వేయాలి. కోట చుట్టూ ఉన్న సర్కారు బడుల పిల్లలకు కర్రలిచ్చి నేర్పాలి. కొత్తగా తవ్వకూడదు. ఎండాకాలం గడ్డికి మంచినీళ్లు పెట్టకూడదు. వీటిలో ఏదీ ఆటను చంపదు. నా లెక్కలో ఆటను దాని పుట్టింటికి దగ్గర చేస్తాయి.

కోట వైపు: ప్రతి ఒక్కటీ మంచిదే. ఈ ఐదూ జరిగితే నా కోపంలో సగం పోతుంది. మిగతా సగం ఎందుకు పోదో చెప్తా. ఇవన్నీ మీరు ఇస్తారు, మేం తీసుకుంటాం. ఇచ్చినవాళ్లు రేపు కమిటీ మారితే వెనక్కి తీసుకోవచ్చు. ఒక పెద్ద పోటీ వచ్చిందని తెరిచే రోజు రద్దు చేయవచ్చు. బాట మీద ఒకరికి బంతి తగిలిందని బాట మూసేయవచ్చు. నాకు కావాల్సింది చట్టంలో రాసిన హక్కు. నయా ఖిలా ప్రజలది, అందులో ఆడేవాళ్లు ఒక షరతు మీద ఆడుతున్నారు అని ముందు ఒప్పుకోవాలి. వరుస అటు నుంచి మొదలవ్వాలి. మీ దగ్గర అది తలకిందులుగా ఉంది. ఆడేవాళ్ల మైదానం, జనానికి ఒక షరతు మీద ప్రవేశం.

ఆట వైపు: ఆ హక్కును ఎవరు అమలు చేస్తారన్నదే నా భయం. 2020 అక్టోబరు వానలకు గోల్కొండలో గోడ కూలింది. బాగుచేయడానికి ఎంత తిరగాల్సి వచ్చిందో మీకు తెలుసు. రేపు చట్టం వస్తుంది, బోర్డు పెడతారు, గేటు తీస్తారు. మరుసటి ఏడు బడ్జెట్ లేదంటారు. కాపలావాడిని తీసేస్తారు. గుట్ట వెనక మొదటి రేకుల షెడ్డు లేస్తుంది, తర్వాత ఒక ఫంక్షన్ హాలు. అప్పుడు మీ హక్కు కాగితం మీద పచ్చగా ఉంటుంది, నేల మాత్రం చేజారి ఉంటుంది. సెయింట్ ఆండ్రూస్ చట్టం నిలబడిందంటే ఆ ఊరి కౌన్సిల్, ట్రస్టు రోజూ పనిచేస్తున్నాయి కాబట్టి. ఆ సంస్థ లేకుండా చట్టం ఒక్కటే తెచ్చుకుంటే 1797 మళ్లీ వస్తుంది.

కోట వైపు: నా భయం కూడా విను. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ 2010లోనే యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. 2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, తెలుగువాళ్లమంతా పండగ చేసుకున్నాం. గోల్కొండ ఇంకా వరుసలోనే నిలబడి ఉంది. ఎందుకు? రామప్ప కోసం కొట్లాడిన జనం ఉన్నారు. వాళ్లు దాన్ని చిన్నప్పటి నుంచి చూశారు, తాకారు, మాదనుకున్నారు. నయా ఖిలాను చూడని తరం దాని కోసం ఎందుకు కొట్లాడుతుంది? మీరు దాన్ని ఎంత బాగా కాపాడితే అంతగా అది మా మనసుల్లోంచి జారిపోతోంది. సర్కారు చేతకానితనానికి మందు సర్కారును గట్టిగా నిలదీసే జనం. ఆ జనం తయారవ్వాలంటే ముందు వాళ్లు లోపలికి రావాలి.

ఆట వైపు: అయితే మన తేడా ఒక్క మెట్టు దగ్గరికి వచ్చింది. మీరు ముందు గేటు తీయమంటారు, సంస్థ వెనక వస్తుందంటారు. నేను ముందు సంస్థ కావాలంటా. పురావస్తు శాఖ, గోల్కొండ బస్తీవాళ్లు, కేడీలు, ఆటగాళ్లు కలిసి కూర్చునే ట్రస్టు ఒకటి చట్టంతో ఏర్పడి, దానికి నిధులు, అధికారం వచ్చిన రోజు నా సభ్యత్వం కూడా దాని ముందు పెట్టేస్తా. ఊరి మనిషిలా వరుసలో నిలబడి టికెట్ కొనుక్కుని ఆడతా. ఆ రోజు రాకముందే తాళం ఇమ్మంటే మాత్రం ఇవ్వను. ఇస్తే ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు.

కోట వైపు: తాళం నీ చేతిలో ఉన్నంతకాలం ఆ ట్రస్టు అవసరం పైవాళ్లకు కనిపించదు తమ్మీ. మైదానం బాగానే ఉంది కదా, ఎవరో చూసుకుంటున్నారు కదా అంటారు. నువ్వు ఆగమంటున్న ఆ రోజును రానివ్వనిది నువ్వు పట్టుకున్న ఆ తాళమే. ట్రస్టు కోసం అర్జీ రాయి, మొదటి సంతకం నేను పెడతా. కానీ ఆ అర్జీకి జవాబు వచ్చేదాకా గేటు దగ్గర అడగడం మాత్రం మానను.